గవద బిళ్లలనుకుని ఊరుకోకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే జబ్బు చుట్టూ తిరుగుతున్నాయి. కుక్కలకి వచ్చే లింఫోమా. ఒంట్లో జబ్బులతో పోరాడే తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకం అదుపు తప్పి పెరిగే కేన్సర్ ఇది. పిల్లి తిండి మానేసిందని రాసిన కోవూరు వాళ్లు, టీకాల తేదీలు అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి. ఈ జబ్బులో రోజులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ముందు ఈ ఐదింటికీ రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది కావలి. మా లాబ్రడార్ బ్రూనోకి ఏడేళ్లు. మూడు వారాల కిందట వాడి మెడ బెల్టు ఒక చిల్లు వదులు చేయాల్సి వచ్చింది. లావెక్కాడేమో అనుకున్నాం. తర్వాత చూస్తే దవడల కింద రెండు పక్కలా నిమ్మకాయలంత బిళ్లలు. మా అవ్వ గవద బిళ్లలని చెప్పి పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేయించాం, తగ్గలేదు. ఇప్పుడు స్టెరాయిడ్ ఇస్తే కరిగిపోతాయంటున్నారు. వాడు తింటున్నాడు, ఆడుతున్నాడు, నొప్పి కూడా ఉన్నట్టు లేదు. ఇప్పించమంటారా? (ఒక గృహిణి, కావలి)

జవాబు: వద్దు తల్లీ. ఇంకో రెండు రోజులు ఆగండి. ఎందుకో చెబుతాను.

ముందు ఆ పట్టు కడిగేయండి. కుక్క ఒంటి మీద ఏం పూసినా నాకుతుంది, సున్నం దాని నాలుకనీ గొంతునీ కాల్చేస్తుంది. అవ్వని ఏమీ అనకండి, ఆవిడ ప్రేమతో చేసిన పని అది.

ఈ రాత్రి బ్రూనో తిని పడుకున్నాక పక్కన కూర్చుని రెండు చేతులతో ఐదు చోట్ల తడమండి. మనం బిళ్లలనేవి లింఫోసైట్లు గుమిగూడే లింఫ్ గ్రంథులే, అవి ఈ చోట్ల ఉంటాయి. దవడ కింద మీకు తెలిసిందే. రెండోది మెడ దిగి భుజం మొదలయ్యే చోట, ముందు పక్కగా. మూడోది ముందు కాళ్ల చంకల్లో. నాలుగోది గజ్జల్లో. ఐదోది వెనక కాలి మోకాలి వెనక, పిక్క మొదలయ్యే దగ్గర. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి మోకాలి వెనక శనగగింజంత తగులుతుంది, చంకల్లో గజ్జల్లో సాధారణంగా ఏమీ తగలదు. అన్ని చోట్లా, రెండు పక్కలా, ఉసిరికాయలో నిమ్మకాయలో చేతికొస్తే, నొక్కినా కుక్క విసుక్కోకపోతే, ముందుగా అనుమానించాల్సింది లింఫోమానే. నొప్పి లేదని మీరు ధైర్యం తెచ్చుకున్నారు. చీము పట్టిన బిళ్లయితే వేడిగా ఉంటుంది, తాకితే కుక్క అరుస్తుంది, చాలాసార్లు ఒక పక్కే ఉంటుంది. నొప్పి లేకుండా రబ్బరు బంతిలా గట్టిగా పెరిగే బిళ్లకే నేను ఎక్కువ భయపడతాను. కుక్కల్లో వచ్చే లింఫోమాలో నూటికి ఎనభైకి పైగా ఇలా ఒంటి నిండా బిళ్లలు కట్టే రకమే. ఎక్కువగా ఆరేళ్లు దాటిన కుక్కలకి వస్తుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, బాక్సర్, రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో తరచుగా చూస్తాం. అలాగని నాటు కుక్కలకి రాదని కాదు.

అయితే బిళ్లలు కనిపించగానే కేన్సర్ అని ఖాయం చేసుకోకూడదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడాది పొడవునా కుక్కల మీద పిడుదులు ఉంటాయి. అవి కుట్టడం వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాల్లో కూడా బిళ్లలు ఉబ్బుతాయి. సాధారణంగా మరీ నిమ్మకాయలంత అవవు. జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి నెత్తురు, ప్లేట్‌లెట్లు పడిపోవడం లాంటివి తోడుంటాయి. ఎర్లీకియాకి డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే చాలావాటికి తగ్గిపోతుంది. అందుకే రక్త పరీక్ష, పిడుదుల జ్వరం పరీక్ష రెండూ చేయించండి. రెండు జబ్బులూ ఒకే కుక్కకి ఉండటం కూడా నేను చూశాను, కాబట్టి పిడుదుల జ్వరం ఉందని తేలినా బిళ్లకి సూది పరీక్ష మానకూడదు.

ఆ సూది పరీక్ష గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని పేరు వినగానే ఇంట్లో అందరూ టెన్షన్ పడతారు. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. మత్తు అక్కర్లేదు. మీరు బ్రూనో తలని ఒళ్లో పెట్టుకుని చెవుల దగ్గర గోకుతూ ఉండండి, చాలు. నేనైతే దవడ కింద బిళ్లని వదిలేసి మోకాలి వెనకదో భుజం ముందుదో పట్టుకుంటాను. కుక్కల నోట్లో పళ్లు పుచ్చి, చిగుళ్లు వాచి ఉంటాయి కాబట్టి దవడ కింద బిళ్ల ఆ కారణంగా కూడా ఉబ్బి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య బిళ్లని కదలకుండా పట్టి, మామూలు ఇంజెక్షన్‌కి వాడే 22 నంబరు సూదిని లోపల నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించి తీసేస్తాను. తర్వాత ఆ సూదికి గాలి నింపిన సిరంజి తగిలించి గాజు స్లైడ్ మీదికి ఊదితే చిన్న చుక్క పడుతుంది. దాని మీద ఇంకో స్లైడ్ పెట్టి, నొక్కకుండా, దాని బరువుకే జారనివ్వాలి. ఈ కణాలు చాలా సున్నితం. నొక్కితే చితికి పీలికలైపోతాయి, ల్యాబ్ వాళ్లు ఏమీ చెప్పలేరు. ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, మామూలు బిళ్లలో ఆవాల రాశి మధ్య అక్కడక్కడా పెసరగింజలు పడ్డట్టు ఉంటుంది. చిన్న కణాలే ఎక్కువ, పెద్దవి కొన్నే. లింఫోమా బిళ్లలో చూడగానే తెలిసిపోతుంది. దాదాపు అన్నీ పెసరగింజలే. మొత్తం పని పది నిమిషాలు. కొన్ని నెమ్మది రకాల్లో కణాలు చిన్నవిగానే ఉంటాయి, స్లైడ్ సరిపోదు. అప్పుడు మత్తిచ్చి ఒక బిళ్లని పూర్తిగా తీసి బయాప్సీకి పంపాలి.

ఇప్పుడు స్టెరాయిడ్ సంగతి. 2009లో నేను ఉదయగిరిలో పనిచేసేదాన్ని. పగలంతా గేదెలకి చూడి పరీక్షలు, గొర్రెలకి చిటుకు రోగం టీకాలు. ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. మా ఇంట్లో చిట్టి అనే నాటు కుక్క ఉండేది, ఆరేళ్లది. ఒకరాత్రి దాని దవడ కింద చెయ్యి పెడితే బిళ్లలు తగిలాయి. స్లైడ్ తీయడం నాకు వచ్చు, మైక్రోస్కోప్ ఆసుపత్రిలోనే ఉంది. ఏం కనబడుతుందోనన్న భయంతో ఆ పని చేయకుండా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాను. మూడో రోజుకి బిళ్లలు ఎండలో పెట్టిన వెన్నలా కరిగిపోయాయి. జబ్బు పోయిందనుకున్నాను. నాలుగు వారాలకి మళ్లీ వచ్చాయి, ఈసారి రాత్రిళ్లు గురక పెట్టేంత పెద్దగా. అప్పుడు స్లైడ్ తీశాను, లింఫోమా అని తేలింది, కీమో మొదలుపెట్టాం. మందు పట్టనే లేదు. ఒక్క స్టెరాయిడే ముందుగా వాడితే కేన్సర్ కణాలు లోపలికొచ్చిన మందుని బయటికి తోడిపోయడం అలవాటు చేసుకుంటాయి. తర్వాత అసలు మందులిచ్చినా వాటికి లొంగవు. పైగా స్టెరాయిడ్ ఇచ్చిన వెంటనే స్లైడ్ తీస్తే జబ్బు కణాలు తగ్గిపోయి కనబడవు, పరీక్ష తప్పు చెబుతుంది. పదిహేనేళ్లు దాటింది, ఇప్పటికీ ఏ కుక్క దవడ కింద చెయ్యి పెట్టినా నాకు చిట్టి గుర్తొస్తుంది. అందుకే మీకు వద్దని అంత గట్టిగా రాశాను. స్లైడ్ తీశాక, ఏ దారిలో వెళ్లాలో మీరు నిర్ణయించుకున్నాక, స్టెరాయిడ్‌కి దాని చోటు ఉంది.

లింఫోమా అని తేలితే తర్వాత చేయించాల్సినవి: పూర్తి రక్త పరీక్ష, లివర్, కిడ్నీ, కాల్షియం, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్. వీటిని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా దశ చెబుతారు. లివర్, ప్లీహం దాకా వెళ్తే నాలుగు, రక్తంలోకో ఎముక మూలుగలోకో వెళ్తే ఐదు. మనుషుల్లో నాలుగో దశ అనగానే మనసు చెదిరిపోతుంది కదా, ఆ లెక్క ఇక్కడికి తేకండి. చాలా కుక్కలు మూడో దశ దాటాకే మా దగ్గరికి వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం మందుకి లొంగుతాయి. దశ కంటే ముఖ్యమైనవి రెండున్నాయి. కుక్క హుషారుగా ఉందా, నీరసపడిందా అన్నది ఒకటి. లింఫోసైట్లలో బి, టి అని రెండు రకాలున్నాయి, జబ్బు బి కణాలదా, టి కణాలదా అన్నది రెండోది. బయాప్సీ ముక్క మీదో, కొన్ని ల్యాబుల్లో సూదితో తీసిన కణాల మీదో ప్రత్యేక పరీక్షలు చేసి ఈ రెండోది చెబుతారు. బి రకం మందుకి ఎక్కువ కాలం లొంగి ఉంటుంది. బ్రూనో తింటున్నాడు, ఆడుతున్నాడు అన్నారు. అది మీ చేతిలో ఉన్న మంచి ముక్క. రేపే స్లైడ్ తీయించండి.

ప్రశ్న: మాది ఒంగోలు. మా జర్మన్ షెపర్డ్ రాణికి లింఫోమా అని సూది పరీక్షలో తేలింది. బి రకం అన్నారు. కీమో ఇప్పించమంటున్నారు. మా అత్తగారికి కీమో ఇచ్చినప్పుడు జుట్టు ఊడిపోయి, వాంతులతో ఆవిడ పడిన నరకం కళ్లారా చూశాను. నోరు లేని జీవిని అలా బాధపెట్టడం పాపం కాదా? బాధ పెట్టినా బతుకుతుందా? (ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు)

జవాబు: అమ్మా, మీ అత్తగారిని దగ్గరుండి చూసుకున్నారు కాబట్టే ఈ ప్రశ్న అడగగలిగారు. రాణికి ఇవ్వబోయే మందులు మనుషుల లింఫోమాకి వాడేవే, ఆ కలయికని రెండు చోట్లా చాప్ అనే పిలుస్తారు. తేడా మోతాదులో ఉంది, ఉద్దేశంలో ఉంది. మనిషికి జబ్బుని పూర్తిగా తుడిచేయాలని, ఎంత కష్టమైనా ఓర్చుకోమని చెప్పి పెద్ద మోతాదు ఇస్తారు. కుక్కకి రేపటి మీద ఆశ చూపించి ఈరోజు బాధపెట్టడం కుదరదు. అందుకని జబ్బుని నిద్రపుచ్చి, ఉన్నన్నాళ్లూ అది కుక్కలా బతకాలనే లెక్కతో మోతాదు కడతారు. జబ్బు అలా నిద్రలో ఉండటాన్నే రెమిషన్ అంటారు. చేతికి బిళ్లలు తగలవు, కుక్క మామూలుగా తిరుగుతుంది. జబ్బు మాత్రం లోపల ఎక్కడో ఉంటుంది. నయమైపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి.

బతుకుతుందా అని అడిగారు, ఉన్నదున్నట్టు చెబుతాను. ఏ మందూ ఇవ్వకపోతే ఎక్కువ కుక్కలకి నాలుగు నుంచి ఆరు వారాలు. చాప్ ఇస్తే పదింట ఎనిమిది, తొమ్మిది కుక్కలకి బిళ్లలు కరుగుతాయి. బి రకంలో సగటున ఏడాది బతుకుతాయి, నాలుగైదింట ఒకటి రెండేళ్లు దాటుతుంది. టి రకమైతే ఆరు నుంచి ఎనిమిది నెలలు. ఏడాదేనా అని మీకనిపించవచ్చు. కుక్క వయసులో ఏడాదంటే మనకి ఆరేడేళ్లు.

మందుల వరస ఇలా ఉంటుంది. మొదటి వారం విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, రెండో వారం సైక్లోఫాస్ఫమైడ్, మూడో వారం మళ్లీ విన్‌క్రిస్టిన్, నాలుగో వారం డాక్సోరుబిసిన్, ఐదో వారం విరామం. ఈ చుట్టు నాలుగుసార్లు తిరుగుతుంది, మొత్తం ఐదారు నెలలు. మొదటి నెల తోడుగా ప్రెడ్నిసొలోన్ మాత్రలు, మోతాదు వారం వారం తగ్గిస్తూ. డాక్సోరుబిసిన్ ఎర్రగా, రూహఫ్జా నీళ్లలా ఉంటుంది. అదీ, విన్‌క్రిస్టిన్ కూడా నరంలోకే వెళ్లాలి. చుక్క బయటికి జారినా చర్మం, కండ కుళ్లిపోయేంత పుండు పడుతుంది. అందుకే కాన్యులా, అంటే నరంలో పెట్టే సన్న గొట్టం, కొత్తగా పెట్టారా, ఒక్క పోటుతోనే నరంలోకి వెళ్లిందా, ముందు సెలైన్ ఎక్కించి చూశారా అని అడగండి. అడిగినందుకు ఏ మంచి డాక్టరూ కోప్పడరు. డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష చేసి, జీవితం మొత్తంలో ఎన్ని డోసులు ఇచ్చారో లెక్క పెట్టుకుంటారు. మీరు కూడా ఒక నోటుబుక్కు పెట్టుకోండి.

జుట్టు గురించి భయపడకండి. జర్మన్ షెపర్డ్‌కి పెద్దగా ఊడదు, మీసాలు రాలొచ్చు. పూడిల్, షిట్జూ, లాసా లాంటి ఆగకుండా జుట్టు పెరిగే జాతులకి మాత్రం పలచబడుతుంది. వాంతులు, విరేచనాలు కొన్ని కుక్కలకి రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా ఉంటాయి, ముందే మందులిస్తారు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత ఇబ్బంది పడేవి తక్కువ. నన్ను ఎక్కువ భయపెట్టేది మందు ఇచ్చాక ఏడో రోజు. తెల్లకణాలు అప్పుడే బాగా పడిపోతాయి. ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 103.5 దాటి, నీరసంగా మూలన పడుకుంటే అర్ధరాత్రయినా సరే బయలుదేరాలి, తెల్లారాక చూద్దామనుకోకూడదు. ప్రతి ఇంజెక్షన్‌కి ముందు రక్త పరీక్ష చేసేది కూడా ఇందుకే. కణాలు తక్కువుంటే వారం వాయిదా వేస్తారు. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చినరోజు ఉదయాన్నే ఇప్పించి, నీళ్లు బాగా తాగించి, గంట గంటకీ బయటికి తిప్పండి. ఆ మందు మూత్రసంచిలో నిలవుంటే లోపలి పొరని ఒరిపి మూత్రంలో రక్తం తెప్పిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది మీరు అడగలేదు కానీ అడుగుతారు. మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గర. నెల్లూరు, గూడూరు వాళ్లకి తిరుపతి, లేదా చెన్నై వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాసు వెటర్నరీ కాలేజీ. మొదటిసారి పెద్ద ఆసుపత్రిలో చూపించి వరస రాయించుకుంటే, విన్‌క్రిస్టిన్ వారాలు మీ ఊళ్లోనే చేయించుకునే వీలుందేమో అడగండి. వీధికుక్కల మర్మాంగాల దగ్గర వచ్చే టీవీటీ గడ్డలకి ఈ మందే వాడతాం కాబట్టి మన పశువైద్యుల్లో చాలామందికి అది చేయి తిరిగిన పని. డాక్సోరుబిసిన్ మాత్రం అలవాటున్న చోటే. మొత్తం ఖర్చు ఎంతవుతుందో మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి. మధ్యలో ఆగిపోయే వైద్యం కంటే ముందే తేల్చుకోవడం రాణికీ మంచిది, మీకూ మంచిది.

జబ్బు తిరగబెట్టడం దాదాపు ఖాయం. అప్పుడు అదే వరస మళ్లీ మొదలుపెట్టొచ్చు, లోముస్టిన్ లాంటి వేరే మందులకి మారొచ్చు. రెండోసారి వచ్చే రెమిషన్ మొదటిదానికంటే తక్కువ కాలం ఉంటుంది. కుక్కల లింఫోమా కోసమే తయారైన టానోవియా అనే ఇంజెక్షన్‌కి అమెరికాలో 2021లో పూర్తి అనుమతి వచ్చింది.

పాపం అన్నారు కదా. ఇంజెక్షన్‌కి వచ్చే కుక్కలు నాలుగో వారానికి తోక ఊపుకుంటూ నా గది తలుపు నెట్టుకుని లోపలికి వస్తాయి. బిస్కెట్ ఏ సొరుగులో ఉంటుందో వాటికి తెలుసు. నరకంలోకి వెళ్తున్నామనుకునే జీవి అలా రాదమ్మా. రాణి రెండు డోసులకే తిండి మానేసి, మూలనే పడుంటే ఆపేయండి. ఆపే హక్కు ఎప్పుడూ మీ చేతిలోనే ఉంటుంది.

ప్రశ్న: మా స్పిట్జ్‌కి ఈ జబ్బుంది, కీమో ఇప్పిస్తున్నాం. ఇంట్లో నాలుగేళ్ల బాబు దాంతోనే ఆడతాడు. మా కోడలు ఐదో నెల గర్భిణి. వీళ్లకి అంటుతుందా? (ఒక తాతగారు, మార్కాపురం)

జవాబు: అంటదు. నాకినా, కరిచినా, ఒకే మంచం మీద పడుకున్నా లింఫోమా మనిషికి రాదు, పక్క కుక్కకీ రాదు. ఇందాక చెప్పిన టీవీటీ ఒక్కటే కుక్క నుంచి కుక్కకి, ముఖ్యంగా కలిసినప్పుడు అంటే కేన్సర్.

జాగ్రత్త పడాల్సింది మందు విషయంలో. ఇంజెక్షన్ తర్వాత రెండు, మూడు రోజులు కుక్క మూత్రంలో, మలంలో, వాంతిలో మందు ఆనవాళ్లుంటాయి. ఆ రోజుల్లో గ్లౌజులు వేసుకుని మీరే శుభ్రం చేయండి. మట్టిలోనో పెరట్లోనో ఒకే చోటికి తీసుకెళ్లి, తర్వాత నీళ్లు బాగా కొట్టండి. మీ కోడలు ఆ పని చేయకూడదు, మాత్రలు ముట్టుకోకూడదు. మాత్రని విరవడం, నూరడం ఎవరూ చేయకూడదు. బాబుని ఆడుకోనివ్వండి, మూతి నాకించుకోవడం మాత్రం ఆ మూడు రోజులు వద్దని చెప్పండి.

ప్రశ్న: నేను ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటల మీద కాపలా పని చేస్తాను. నల్లోడు అనే కుక్క తొమ్మిదేళ్ల నుంచి నాతోనే ఉంది. రాత్రి గుంటల గట్టు మీద నాకంటే ముందు అదే నడుస్తుంది. నెల్లూరులో సూది పరీక్ష చేసి లింఫోమా అన్నారు. వారం వారం చెన్నై పోయే స్తోమత నాకు లేదు. దాన్ని వదిలేసినట్టేనా? (ముత్తుకూరు)

జవాబు: వదిలేసినట్టు కాదు బాబూ. కూలి డబ్బులతో సూది పరీక్ష దాకా తీసుకెళ్లిన మనిషి వదిలేసినవాడెలా అవుతాడు? ఈ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను.

పరీక్షలో జబ్బు తేలింది, కీమో కుదరదని నిర్ణయించుకున్నారు. ఇప్పుడు స్టెరాయిడ్ ఇవ్వొచ్చు. కావలి వాళ్లకి వద్దన్నది పరీక్షకి ముందు మాట. ప్రెడ్నిసొలోన్ మాత్రలు మందుల షాపులో తక్కువ ధరకే దొరుకుతాయి. నల్లోడి బరువు చూసి మోతాదు మీ డాక్టరు రాయాలి. దీనితో నెల, రెండు నెలలు బిళ్లలు తగ్గి, తిండి తిని, తిరుగుతుంది. మధ్యలో ఎప్పుడైనా డబ్బు సమకూరి కీమో ఇప్పిద్దామనుకుంటే, అప్పటికే స్టెరాయిడ్ వాడారు కాబట్టి అంత బాగా పని చేయదు. ఇది ముందే తెలిసి నిర్ణయించుకోండి. వారం వారం కాకుండా మూడు వారాలకోసారి ఒక్క డాక్సోరుబిసిన్ మాత్రమే, ఐదుసార్లు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. మొత్తం చాప్ అంత కాలం పని చేయకపోయినా ప్రయాణాలు ఐదే. స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే ఒకసారి మీ డాక్టరుని అది కుదురుతుందేమో అడగండి.

మాత్రలు ఇచ్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి చెబుతాను. ఉదయం తిండితో పాటే ఇవ్వాలి, ఖాళీ కడుపున కాదు. బాగున్నాడు కదా అని ఒక్కసారిగా ఆపేయకూడదు. నీళ్లు బిందెలకొద్దీ తాగుతాడు, మూత్రం ఎక్కువ పోస్తాడు, ఆకలి విపరీతంగా ఉంటుంది. గుంటల దగ్గర ఉప్పునీళ్లు తాగేస్తాడు కాబట్టి మంచినీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఆ ఆకలి చూసి మిగిలిన చేపల పులుసన్నం పెట్టేరు, వద్దు. పులుసులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్క రక్తకణాలని చితగ్గొడుతుంది. ఉత్త ఉడికించిన చేప, ముళ్లు తీసి, అన్నంలో కలిపి పెట్టండి. గుడ్డు పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, కుంటుతున్నాడనో మూలుగుతున్నాడనో మెలాక్సికామ్ లాంటి నొప్పి మాత్రలు స్టెరాయిడ్‌తో కలిపి ఇవ్వకండి. కడుపులో పుండు పడి నల్లటి విరేచనాలవుతాయి. మనుషుల పారాసిటమాల్, బ్రూఫెన్ అసలు వద్దు.

ఏదో ఒకరోజు బిళ్లలు మళ్లీ పెరుగుతాయి. ఊపిరి తీసుకోవడం బరువవుతుంది. గట్టు మీదికి రాలేక గుడిసె దగ్గరే ఆగిపోతాడు. మీరు పిలిచినా తల ఎత్తకపోతే, రెండు రోజులు నీళ్లు కూడా ముట్టకపోతే, డాక్టరుని పిలిపించి నిద్రలోనే పంపేయమని అడగండి. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, నల్లోడికి ఏమీ తెలియదు. మీరు పక్కనే కూర్చుని దాని తల మీద చెయ్యి వేసి ఉంచండి. మనిషి వాసన చివరిదాకా దానికి తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది కనిగిరి దగ్గర పల్లె. మా టామీ రెండు నెలలుగా నీళ్లు విపరీతంగా తాగేది. షుగర్ ఏమో అన్నారు. బిళ్లలేమీ లేవు. తర్వాత ఆయాసం వచ్చింది. ఒంగోలులో ఎక్స్‌రే తీసి గుండె ముందు గడ్డ ఉందని, లింఫోమా అని చెప్పారు. వారానికే చనిపోయింది. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కదా, నేను రోజూ ఆ నీళ్లే పోసేదాన్ని. అందుకే వచ్చిందా? కొత్త పిల్లని తెస్తే దానికీ వస్తుందా? (కనిగిరి)

జవాబు: నువ్వు పోసిన నీళ్ల వల్ల రాలేదు నాన్నా. ఈ మాట నమ్ము.

మీ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ మనుషుల పళ్లనీ ఎముకలనీ పాడుచేస్తుంది, అది నిజమే. లింఫోమాకి అది కారణమని ఎక్కడా తేలలేదు. టామీకి వచ్చింది ఛాతీ లోపల పెరిగే రకం. చాలాసార్లు టి కణాలది. బయట బిళ్లలు కనబడవు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ కేన్సర్ కణాలు హార్మోన్ లాంటి ఒక పదార్థాన్ని వదులుతాయి, అది ఎముకల నుంచి కాల్షియాన్ని లాగి రక్తంలోకి తెస్తుంది. కాల్షియం ఎక్కువైతే కిడ్నీలు నీళ్లని పట్టి ఉంచలేవు. మూత్రం ఎక్కువ పోతుంది, దాహం ఆగదు. టామీ అన్ని నీళ్లు తాగడానికి కారణం ఈ కాల్షియమే అయి ఉంటుంది. అంటే జబ్బు ముందు వచ్చింది, దాహం తర్వాత. నువ్వు గిన్నె నింపిన ప్రతిసారీ దానికి అవసరమైనదే ఇచ్చావు. పెద్దవాళ్లు షుగర్ అనుకున్నారంటే వాళ్ల తప్పూ కాదు, రెండింటికీ లక్షణం ఒకటే. ఇది చదివే మిగతావాళ్లు మాత్రం, కుక్క ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగుతుంటే షుగర్, కిడ్నీతో పాటు రక్తంలో కాల్షియం కూడా చూపించండి.

కొత్త పిల్లకి ఇది అంటుకోదు. టామీ పడుకున్న గోనెసంచి మాత్రం తీసేయండి. గోడ పగుళ్లలో పిడుదులు దాక్కుని నెలల తరబడి బతుకుతాయి, వాటికి మందు కొట్టించమని నాన్నని అడుగు. పిల్లకి యాభై రోజులైనా నిండాక, తల్లి పాలు మానాక తెచ్చుకోండి. తెచ్చిన వారంలో నులిపురుగుల మందు, తర్వాత పార్వో టీకా, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. టామీ గిన్నె బాగా కడిగి అదే వాడొచ్చు, ఏమీ కాదు.